మగ్గం మీది బట్ట ఎవరిది? – బయానా నుంచి మజూరీ వరకు పొరుగు ఉత్పత్తిలో న్యాయం, నమ్మకం

వ్యాససంగ్రహం:

ఒకరు తమ పనిని బయటివారికి అప్పగించి చేయించుకొనే వ్యాపార సంబంధంలో న్యాయం, నమ్మకం దేనిమీద నిలుస్తాయన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. 18వ శతాబ్దంలో ఉత్తర సర్కారుల నేతవారు కుదుర్చుకొన్న బయానా ఒప్పందాలను, నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేత కేంద్రాల్లోని మజూరీ పద్ధతిని ఇది పక్కపక్కన ఉంచి చూస్తుంది. తయారవుతున్న సరుకు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న తూకం, నాణ్యత, చెల్లింపు, సంబంధం తెంచుకొనే స్వేచ్ఛ అనే తక్కిన విషయాలను ఎలా నిర్ణయిస్తున్నదో వివరిస్తుంది.

కీలకపదాలు: చేనేత, బయానా, మజూరీ, మాస్టర్ వీవర్, తరుగు, ఆసామి, పొరుగు ఉత్పత్తి.

1. ఉపోద్ఘాతం:

1989లో అమెరికాలోని కొడాక్ సంస్థ తన కంప్యూటర్ విభాగపు పనులను ఐబీఎం మొదలైన బయటి సంస్థలకు అప్పగించింది. అంత పెద్ద సంస్థ తన లోపలి పనిని బయటికి పంపడం అప్పట్లో సంచలనమైంది. నిర్వహణశాస్త్ర గ్రంథాలు ఔట్‌సోర్సింగ్ చరిత్రను తరచుగా అక్కడినుంచే మొదలుపెడతాయి. తెలుగు పత్రికలు ఈ మాటకు ‘పొరుగు సేవలు’ అనే పదాన్ని వాడుకలోకి తెచ్చాయి. పదం బాగానే కుదిరింది. కాని ప్రభుత్వ కార్యాలయాల్లో ఏజెన్సీల ద్వారా పనిచేసే ఉద్యోగులకే అది దాదాపు పరిమితమైపోయింది.

పేరు కొత్తదే అయినా వ్యవహారం కొత్తది కాదు. పెట్టుబడి ఒకరిది, పనిముట్టు మరొకరిది, పని జరిగేది పనివాని ఇంట్లో, సరుకు చేరేది ఎక్కడో దూరపు అంగడికి – ఈ అమరిక తెలుగునేల మీద నేతపనిలో కనీసం మూడున్నర శతాబ్దాలుగా ఉన్నది. కంపెనీల దస్తావేజుల పుణ్యమా అని ఇంత కాలంపాటు ఆధారాలు దొరికే పొరుగు ఉత్పత్తి సంబంధం మరొకటి మనకు లేదనే చెప్పాలి. న్యాయం, నమ్మకం అనే మాటలను విడిగా నిర్వచించి చర్చించడం కంటె, ఈ ఒక్క వృత్తిలో అవి ఏ సందర్భాల్లో పరీక్షకు నిలిచాయో చూడటం ఎక్కువ ప్రయోజనకరం.

2. భావనల పరిధి:

ఇటువంటి సంబంధాల్లో న్యాయాన్ని పరిశోధకులు సాధారణంగా రెండుగా విడదీస్తారు. వచ్చిన ఫలితాన్ని ఎవరికెంత పంచారన్నది పంపక న్యాయం. ఆ పంపకాన్ని ఏ పద్ధతిలో నిర్ణయించారు, నిర్ణయంలో బలహీనపక్షం మాటకు చోటున్నదా అన్నది ప్రక్రియా న్యాయం. జాన్ థిబో, లారెన్స్ వాకర్ 1975లో ప్రచురించిన గ్రంథంతో రెండో భావన ప్రాచుర్యం పొందింది. తమ వాదన వినిపించుకొనే అవకాశం దొరికినవారు ప్రతికూలమైన తీర్పును కూడా అంగీకరించడానికి ఎక్కువగా సిద్ధపడతారన్నది వారి అధ్యయనాల సారాంశం.

నమ్మకం విషయంలో స్టూవర్ట్ మెకాలే 1963లో రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రామాణికమే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు వ్యాపారులను పరిశీలించి, వారు తగవు వచ్చినప్పుడు ఒప్పందపత్రాన్ని తీయడం అరుదని, ఫోనుమీద మాట్లాడుకొని సర్దుకుపోతారని ఆయన గుర్తించాడు. అయితే ఆయన చూసిన వ్యాపారులు ఇంచుమించు సమానులు. ఒకరు కాదంటే మరొకరితో వ్యాపారం చేయగలవారు. ఒక పక్షానికి అటువంటి వీలు లేనప్పుడు ‘సర్దుకుపోవడం’ అనే మాటకు అర్థం మారిపోతుంది. ఈ లోటును పూరించే ఆలోచన ఆలివర్ హార్ట్ రచనల్లో దొరుకుతుంది. ఏ ఒప్పందమూ రాబోయే అన్ని పరిస్థితులనూ ముందుగా రాసుకోలేదు. ఒప్పందం మౌనంగా ఉన్నచోట నిర్ణయించే అధికారం ఆస్తి ఎవరిదైతే వారిదే అవుతుంది. 2016లో నోబెల్ పురస్కారం అందుకొన్న ఈ సిద్ధాంతాన్ని సాలెవాడకు అన్వయిస్తే ప్రశ్న చాలా సూటిగా తయారవుతుంది: మగ్గం మీద సగం నేసి ఉన్న బట్ట ఎవరిది?

3. బయానా – నగదు ఇచ్చి బట్ట తీసుకొన్న కాలం:

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లో వర్తకస్థావరం నెలకొల్పింది. తరువాతి కాలంలో గోదావరి డెల్టాలోని మాధవాయపాలెం, ఇంజరం, ఉత్తరాన విశాఖపట్నం కంపెనీ బట్టల కొనుగోలుకు ముఖ్యకేంద్రాలయ్యాయి. డచ్చివారికి పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, భీమునిపట్నాల్లోను, ఫ్రెంచివారికి యానాంలోను స్థావరాలుండేవి. దేవాంగులు, పద్మసాలీలు, కైకాలవారు, కర్ణభక్తులు ఈ ప్రాంతపు ప్రధాన నేతకులాలు. ఐరోపాకు పోయే సరుకులో సుమారు 36 గజాల పొడవుండే లాంగ్‌క్లాత్ ముఖ్యమైనది.

కంపెనీలు నేరుగా నేతవారితో వ్యవహరించేవి కావు. వర్తకులతో ఏటా ఒప్పందం చేసుకొనేవి. వర్తకులు తమ దళారుల ద్వారా, ఊళ్లలోని పెద్దసాలెల ద్వారా నేతవారికి బయానా పంచేవారు. ఈ బయానా ప్రధానంగా నగదు రూపంలో ఉండేది. నేతగాడు ఆ డబ్బుతో సంతలో తనకు నచ్చిన నూలు కొనుక్కొనేవాడు, మిగిలినదానితో ఇల్లు గడుపుకొనేవాడు, బట్ట నేసి ఇచ్చేటప్పుడు లెక్క తేల్చుకొనేవాడు. మగ్గం అతనిది, నూలు అతనిది. కనుక బట్ట కూడా చేతులు మారేదాకా అతనిదే.

ఈ అమరికలో నేతగానికున్న బలాన్ని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి 2001లో వెలువడిన తన గ్రంథంలో దక్షిణభారతాన్ని దృష్టిలో పెట్టుకొని విశదం చేశాడు. ఆయన వివరణ ప్రకారం, నేతగాడు తీసుకొన్న బయానా తిరిగి ఇచ్చివేస్తే ఒప్పందం రద్దయినట్లే. వర్తకుడికి మాత్రం అటువంటి హక్కు లేదు. ఇచ్చిన సొమ్మును మధ్యలో వెనక్కి అడగడానికి వీలులేదు, బట్ట తయారయ్యాక తీసుకోననడానికీ వీలులేదు. నాణ్యత తగ్గిందనుకొంటే ధర తగ్గించుకొని తీసుకోవలసిందే. రాతకోతలు లేని ఈ నియమం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇవాళ్టి ఏ పొరుగు ఒప్పందంలోనైనా రద్దు హక్కు పని ఇచ్చేవాడి చేతిలోనే బలంగా ఉంటుంది. అక్కడ అది పని చేసేవాడి చేతిలో ఉన్నది.

ఆ హక్కు ఆచరణలో చెల్లడానికి కారణం ఆచారబలం ఒక్కటే కాదు. కొనేవారు పలువురు ఉండటం అసలు కారణం. ఇంగ్లీషువారి బయానాతో నేసిన బట్టకు డచ్చి దళారి నాలుగు రూకలు ఎక్కువ ఇస్తానంటే, నేతగాడు బట్టను అతనికి అమ్మి, మొదటివాడి సొమ్ము తిరిగి ఇచ్చి బయటపడవచ్చు. బయానా సొమ్ము నూలుగా, నూలు బట్టగా మారి ఇంట్లోనే ఉన్నది కాబట్టి అప్పు తీర్చే సాధనం కూడా అతని మగ్గం మీదే ఉన్నట్టు లెక్క. కంపెనీ ఉద్యోగులు దీన్ని నేతవారి మోసంగా చూశారు. ఒప్పందపు నియమాల లోపల నిలబడి చూస్తే అది మోసం కాదు, వారికున్న హక్కు.

నాణ్యతను కొలిచే ప్రమాణం కూడా గమనించదగ్గది. సర్కారు జిల్లాల్లో బట్టను పుంజాలతో లెక్కించేవారు. పుంజం అంటే 120 పడుగు పోగులు. వెడల్పు ఒకటే అయినప్పుడు పుంజాలు పెరిగేకొద్దీ పోగు సన్నమవుతుంది, బట్ట చిక్కనవుతుంది, ధర పెరుగుతుంది. ఇది ఎవరైనా లెక్కపెట్టి తేల్చగల కొలత. పద్నాలుగు పుంజాల బట్ట అని ఒప్పుకొంటే, అది పద్నాలుగా పన్నెండా అన్నది నేతగాడికీ తెలుసు, వర్తకుడికీ తెలుసు, పక్కింటి నేతగాడికీ తెలుసు. నేత బిగువు, పోగు సమత్వం వంటి విషయాల్లో తగవులు రాకపోలేదు. కాని ధరకు మూలమైన అంశం మాత్రం రెండు పక్షాలూ సమానంగా చూడగలిగినది.

అయితే ఈ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించనక్కరలేదు. 18వ శతాబ్దపు దక్షిణభారత నేతవారి ఆదాయం ఇంగ్లండు నేతవారితో పోల్చదగినంత ఉన్నదన్న పార్థసారథి వాదనను ఆర్థిక చరిత్రకారులందరూ అంగీకరించలేదు. కరవు వచ్చినప్పుడు బియ్యం ధర, నూలు ధర రెండూ పెరిగి, బయానా సొమ్ము తిండికే చాలక నేతవారు ఊళ్లు విడిచిపోయేవారు. అప్పుడు మునిగేది వర్తకుడు. సర్కారు జిల్లాలను పీడించిన 1791–92 నాటి కరవువంటి విపత్తులో నమ్మకమనే మాటకు ఏ పక్షానికీ అర్థం మిగలలేదు. నేతవారిలో కూడా అనేక మగ్గాలు పెట్టి కూలికి నేయించేవారు ఉన్నారు. కులపెద్దలుగా వ్యవహరించిన సేనాపతులు ఒక్కొక్కప్పుడు తమవారి పక్షాన, ఒక్కొక్కప్పుడు కంపెనీ పక్షాన నిలిచారు.

4. కంపెనీ ముద్ర:

1760వ దశకంలో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. గుంటూరు సర్కారు 1788లో చేరింది. అప్పటివరకు కొనుగోలుదారుల్లో ఒకటిగా ఉన్న సంస్థ ఇప్పుడు పాలకవర్గం కూడా అయింది. ఈ రెండు పాత్రలూ ఒకేచోట చేరడం తరువాతి పరిణామాలన్నింటికీ మూలం.

వర్తకులు మధ్యలో లాభం తినివేస్తున్నారని, వారిని తొలగిస్తే నేతవారికీ మేలు, కంపెనీకీ మేలు అని అప్పటి వాదన. మధ్యవర్తిని తీసివేస్తే సంబంధం న్యాయంగా మారుతుందన్న ఈ నమ్మకం ఇవాళ కూడా తరచు వినిపిస్తుంది కాబట్టి, అప్పుడేం జరిగిందో కాస్త ఆగి చూడాలి. 18వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో కంపెనీ తన గుమాస్తాల ద్వారా నేరుగా నేతవారికి బయానాలు ఇవ్వడం మొదలుపెట్టింది. వర్తకుడు ఉన్నప్పుడు కంపెనీకీ నేతగాడికీ మధ్య నష్టాన్ని భరించే ఒక పొర ఉండేది. తిరస్కరించిన బట్ట, వసూలుకాని బయానా వర్తకుడి ఖాతాలో పడేవి. ఆ పొర పోయాక నష్టం నేరుగా నేతగాని మెడకు చుట్టుకొన్నది. అతడు తన కష్టం చెప్పుకోవడానికి ఊళ్లోవాడో పక్క ఊరివాడో అయిన వర్తకుడికి బదులు, దూరాన ఉన్న కమర్షియల్ రెసిడెంటు మిగిలాడు.

కొత్త నియమాల్లో అన్నిటికంటె కీలకమైనది బయానా తిరిగి ఇచ్చి తప్పుకొనే హక్కుకు కళ్లెం వేయడం. కంపెనీ బయానా ఒకసారి తీసుకొన్నవాడు కంపెనీకే నేయాలి, ఇతరులకు నేయరాదు. బట్ట ఇతరులకు పోకుండా మగ్గాల మీద నిఘా పెట్టారు. మగ్గం మీద ఉండగానే బట్టకు ముద్ర వేసే పద్ధతి కూడా వచ్చింది. ఆలస్యం చేసేవారి ఇంటి ముందు బంట్రోతులను కూర్చోబెట్టి, వారి బత్తెం ఖర్చు కూడా నేతగానిమీదే వేసేవారు. బెంగాలులో ఇటువంటి నియమాలు 1793 నాటి 31వ రెగ్యులేషన్‌గా చట్టరూపం పొందాయి. ఒకటికంటె ఎక్కువ మగ్గాలుండి పనివారిని పెట్టుకొన్న నేతగాడు ఒప్పుకొన్న బట్ట ఇవ్వకపోతే ఒక్కొక్క దానికి ధరలో 35 శాతం జరిమానా కట్టాలని అందులో ఉన్నది.

మగ్గం మీది బట్టకు ముద్ర వేయడంలో ఉన్న అంతరార్థాన్ని గుర్తించాలి. నూలు నేతగాని సొంతమే అయినా, బట్ట పూర్తికాకముందే అది కంపెనీదని ఆ ముద్ర ప్రకటిస్తున్నది. ఆస్తిహక్కు చేతులు మారే క్షణాన్ని అప్పగింత నుంచి నేతకు, అంటే కొన్ని వారాలు ముందుకు జరిపారు. తక్కిన మార్పులన్నీ – ధరను ఏకపక్షంగా నిర్ణయించడం, నాణ్యతాశ్రేణులను గుమాస్తా ఒక్కడే తేల్చడం – ఈ ఒక్క జరుపు వెంట వచ్చినవే.

నమ్మకం ఎంత మిగిలిందో చెప్పడానికి బంట్రోతుల సంఖ్యే కొలమానం. నమ్మినచోట కాపలా అక్కరలేదు. నేతవారు అర్జీలు పెట్టుకొన్నారు, మూకుమ్మడిగా మగ్గాలు ఆపారు, ఊళ్లు విడిచి వెళ్లారు. పి. స్వర్ణలత ఉత్తర కోరమాండల్ నేతవారి మీద చేసిన అధ్యయనాలు ఈ అర్జీలను ప్రత్యేకంగా పరిశీలించాయి. కూలి తక్కువన్న ఫిర్యాదు ఒక్కటే వారిని కదిలించలేదు. బట్టను శ్రేణులుగా వేరుచేసే తీరు, గుమాస్తాల దబాయింపు, మర్యాద తప్పిన నడవడి వంటివి కూడా వారిని బాధించాయి. పంపక న్యాయంతోపాటు ప్రక్రియా న్యాయం కోసం కూడా వారు పోరాడారని నేటి పరిభాషలో చెప్పవచ్చు.

కంపెనీ 1833 చార్టర్ చట్టంతో వర్తకసంస్థగా ఉండటం మానుకొన్నది. అప్పటికే ఇంగ్లండు మిల్లుబట్ట ముందు సర్కారుల ఎగుమతి నేత కుప్పకూలింది.

5. నూలు కూడా షావుకారుదే అయినప్పుడు:

ఎగుమతులు పోయినా దేశీయ అంగడికి నేసే మగ్గాలు నిలిచాయి. కాని మిల్లునూలు వచ్చాక నూలు సరఫరా క్రమంగా పెద్ద వర్తకుల చేతుల్లోకి వెళ్లింది. పట్టు, జరీ వాడే చోట్ల ముడిసరుకు ఖరీదు సామాన్య నేతకుటుంబం భరించలేనిది. ఫలితంగా నగదు బయానా స్థానంలో నేడు ఎక్కువగా కనిపించే మజూరీ పద్ధతి స్థిరపడింది. ధర్మవరం, వెంకటగిరి, మంగళగిరి, గద్వాల, పోచంపల్లి – నేత శైలి మారుతుంది, వ్యవహారపు పేర్లు కొద్దిగా మారుతాయి, అమరిక మాత్రం ఇంచుమించు ఒకటే. మాస్టర్ వీవర్ లేదా షావుకారు పడుగు, పేక, జరీ, డిజైను ఇస్తాడు. నేతగాడు తన ఇంట్లోని గుంటమగ్గం మీద నేసి చీర అప్పగిస్తాడు. చీరకింతని మజూరీ పుచ్చుకొంటాడు.

కంపెనీ ముద్రవేసి సాధించదలచినది ఇక్కడ ఏ ముద్రా లేకుండానే జరిగిపోయింది. నూలు షావుకారుది కనుక మగ్గం మీది చీర మొదటి పోగునుంచీ అతనిదే. నేతగాడు అమ్మేది బట్టను కాదు, పనిని. కాని ఆ పనికి సంబంధించిన ఖర్చులూ నష్టాలూ మాత్రం సొంత వ్యాపారికి ఉన్నట్టే అతనిమీద ఉంటాయి. మగ్గం అతనిది, చోటు అతనిది, కరెంటు బిల్లు అతనిది. వానాకాలం గుంటలోకి నీరు ఊరి పని ఆగితే ఆ రోజుల నష్టమూ అతనిదే. కండెలు చుట్టడం, అచ్చు అతకడం వంటి పనులు ఇంట్లోని ఆడవారు, వృద్ధులు చేస్తారు. పోచంపల్లి ప్రాంతంలో చిటికీ రంగుల నేతకు ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడించవలసిన పని. చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక 1999లో ఆసుయంత్రం రూపొందించిన సంగతి ప్రసిద్ధమే. యంత్రం రాకముందూ తరువాతా ఈ పనులకు విడిగా ధర కట్టే ఆచారం తక్కువ. అన్నీ చీర మజూరీలో కలిసిపోతాయి. 2019–20 నాటి నాలుగో అఖిలభారత చేనేత గణన 35.22 లక్షల మంది నేత, అనుబంధ కార్మికులను లెక్కించింది. నేత కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల వారి నెలసరి ఆదాయం 5,000 రూపాయల లోపేనని తేల్చింది. కుటుంబమంతా కలిసి చేసే పనికి వచ్చే మొత్తమిది.

మజూరీ పద్ధతిలో తగవు పుట్టే మొదటి చోటు తూకం. షావుకారు నూలు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకొంటాడు. మధ్యలో పోగులు తెగడం, కొసలు మిగలడం వల్ల కొంత బరువు పోవడం సహజం. దాన్ని తరుగు అంటారు. ఎంత తరుగును ఒప్పుకోవాలన్నది ఊరి వాడుకనుబట్టి ఉంటుంది. అంతకు మించితే మజూరీలో కోత పడుతుంది. ఇందులో రెండువైపులా అనుమానానికి తావుంది. గంజి ఎక్కువ పట్టించి బరువు చూపి నూలు మిగుల్చుకొన్నాడని షావుకారు అనుకోవచ్చు. తేమ ఎక్కిన నూలు తూచి ఇచ్చాడని నేతగాడు అనుకోవచ్చు. ఇది తెలుగు నేతవారి ప్రత్యేక సమస్య కూడా కాదు. ఇంగ్లండులో ఉన్నినూలు ఇళ్లకు పంచి వడికించే రోజుల్లో నూలు దొంగతనాలను పట్టుకొనేందుకే 1777లో ఒక చట్టం చేసి, తనిఖీదారులను నియమించారు. ఆ తనిఖీదారులు యజమానుల సొమ్ముతో, యజమానుల తరఫున పనిచేశారు.

తెలుగు పట్టణాల్లో లారీలు తూచే కాటాకు ధర్మకాటా అని పేరు. కొనేవాడిదీ అమ్మేవాడిదీ కాని తూకం కాబట్టి దానికి ‘ధర్మ’ శబ్దం చేరింది. తూకంలో న్యాయమంటే కాటా ఖచ్చితంగా ఉండటంతో సరిపోదు, కాటా మూడోవాడిది కావాలన్న గ్రహింపు ఈ చిన్న పదంలోనే ఉన్నది. నేతవాడల్లో ధర్మకాటా లేదు. కాటా షావుకారు ఇంట్లో ఉంటుంది.

రెండో చోటు నాణ్యత. పుంజాల మాదిరిగా లెక్కపెట్టి తేల్చగల ప్రమాణం నేటి చీరకు చాలదు. అంచు తీరు, బుటా పొందిక, రంగు సమత్వం, పోగుజారుళ్లు – ఇవన్నీ చూసేవాడి కంటిని బట్టి ఉంటాయి. చీరను పరచి వెలుతురులో చూసేది షావుకారు లేదా అతని గుమాస్తా. పక్కన నిలబడ్డ నేతగాడు లోపాన్ని ఒప్పుకొన్నా, కోత ఎంతన్నది అతడు నిర్ణయించలేడు. లోపమున్న చీర తరువాత ఏ ధరకు అమ్ముడుపోయిందో అతనికి తెలిసే మార్గం లేదు. చీర దుకాణానికి వెళ్లి కొన్ని వారాలకు తిరిగివచ్చి, అప్పుడు కోత పడే సందర్భాలు ఇంకా చిక్కైనవి. లోపం మగ్గం మీద పుట్టిందో, దుకాణంలో పదిమంది పరచి చూసినప్పుడు పుట్టిందో అప్పటికి ఎవరు చెప్పగలరు?

మూడోది అడ్వాన్సు. పాత బయానాకూ దీనికీ పేరులోనే పోలిక. పాత బయానా నూలు కొనడానికి ఇచ్చినది. నేటి అడ్వాన్సు పెళ్లికో, ఆసుపత్రికో, ఇంటి మరమ్మతుకో వడ్డీ లేకుండా ఇచ్చేది. మజూరీనుంచి కొద్దికొద్దిగా పట్టుకొంటారు, లేదా అలాగే నిలవ ఉంచుతారు. కష్టకాలంలో బ్యాంకు ఇవ్వని అప్పు షావుకారు ఇచ్చాడన్న కృతజ్ఞత నేతకుటుంబాల్లో నిజంగానే ఉంటుంది. దాన్ని భ్రమ అని కొట్టిపారేయడం పరిశోధకులకు తగదు. కాని ఆ సొమ్ము తీర్చనిదే మరో షావుకారు దగ్గర పని పట్టుకోవడం కష్టం. కొత్త షావుకారు పాత బాకీ కట్టి నేతగాణ్ణి తన వైపు తిప్పుకొంటే, బాకీ చేతులు మారుతుంది తప్ప తీరదు. మాటవరసకు నేటి నేతగాడికి కూడా ‘అడ్వాన్సు తిరిగి ఇచ్చి వెళ్లిపోయే’ హక్కు ఉన్నది. 18వ శతాబ్దపు నేతగాడు మగ్గం మీది బట్ట అమ్మి ఆ హక్కును వాడుకోగలిగేవాడు. ఇతడి మగ్గం మీద ఉన్నది ఇతడిది కాదు, అడ్వాన్సు ఏనాడో ఖర్చయిపోయింది.

షావుకారు వైపునుంచి చూస్తే అతడి స్థితి కూడా అంత సుఖమైనది కాదు. పెద్ద దుకాణాలు చీరలు అప్పుగా తీసుకొని నెలల తరబడి డబ్బు ఆపుతాయి. పట్టు ధర ఒక్కసారిగా ఎగబాకితే పాత ధరకు ఒప్పుకొన్న ఆర్డరు నష్టమే. అయితే పైనుంచి వచ్చిన ఒత్తిడిని కిందికి దించే వీలు అతనికున్నది. నేతగాడి కింద ఎవరూ లేరు, ఇంట్లోవారు తప్ప.

6. సిరిసిల్ల ఆసాములు:

మరమగ్గాల పట్టణమైన సిరిసిల్లలో మధ్యలో ఇంకొక అంతస్తు ఉన్నది. నూలు కొని భీములు చేయించి ఇచ్చేవాడు యజమాని. కొన్ని సాంచాలు సొంతంగా ఉండి ఆ భీములు తెచ్చుకొని నేయించేవాడు ఆసామి. ఆసామి షెడ్డులో మీటరు లెక్కన కూలి పుచ్చుకొనేవాడు కార్మికుడు. ఆసామి అన్న మాటకు తెలుగులో భూస్వామి, గొప్పవాడు అనే అర్థాలున్నాయి. సిరిసిల్ల ఆసామి మాత్రం యజమానికి మజూరీదారు, కార్మికుడికి యజమాని. 2017లో రాష్ట్రప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఈ గొలుసుకు పైన ప్రభుత్వమే కొనుగోలుదారుగా చేరింది. పని దొరికిన మాట వాస్తవం. కాని ఒకే కొనుగోలుదారుమీద పట్టణమంతా ఆధారపడటమంటే ఏమిటో ఉత్తర సర్కారుల చరిత్ర చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆర్డరు ఆగినా, చెల్లింపు ఆలస్యమైనా దాని దెబ్బ యజమాని, ఆసామి, కార్మికుడు అన్న వరుసలో కిందికి దిగుతుంది. దిగేకొద్దీ తట్టుకొనే శక్తి తగ్గుతుంది.

7. ‘అందిన రోజు’ – చట్టం, కాగితం:

చిన్న సరఫరాదారుల రక్షణకు మనకు ఒక బలమైన చట్టమే ఉన్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, కొనుగోలుదారు ఒప్పందంలో ఏ గడువు రాసుకొన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. నాణ్యత విషయంలో అందులో ఉన్న నియమం మరింత ఆసక్తికరం. సరుకు అందిన 15 రోజుల లోపల కొనుగోలుదారు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే, ఆ సరుకును అంగీకరించినట్లే లెక్క. సేవలకు కూడా ఇదే వర్తిస్తుంది. వారాల తరువాత తిరిగివచ్చిన చీరకు కోత వేయడం ఈ నియమం ముందు నిలవదు.

కాని చట్టం సరఫరాదారుగా గుర్తించాలంటే నేతగాడు ఉద్యమ్ పోర్టల్‌లో సంస్థగా నమోదు కావాలి. నమోదైనా, సరుకు అందిన రోజు ఏదో చూపాలి. మజూరీ లావాదేవీలో బిల్లు ఉండదు, రసీదు ఉండదు. షావుకారు ఖాతాపుస్తకంలో నేతగాని పేరు కింద ఇచ్చిన నూలు, వచ్చిన చీర, పట్టుకొన్న అడ్వాన్సు రాసి ఉంటాయి. ఆ పుస్తకం ఒక్కటే ప్రతి, ఉండేది షావుకారు దగ్గర. చేనేత సహకార సంఘాలు ఈ లోటును గుర్తించి సభ్యులకు పాస్‌పుస్తకాలు ఇచ్చాయి. నూలు తీసుకొన్న తేదీ, బరువు, బట్ట ఇచ్చిన తేదీ, జమ అయిన మజూరీ అందులో ఎక్కేవి. సంఘాల్లో అక్రమాలు జరగలేదని కాదు. జరిగినచోట సభ్యుడు పుస్తకం చూపి అడగగలిగాడు. చాలాచోట్ల సంఘాలు నామమాత్రమయ్యాక పుస్తకమూ పోయింది.

ఇప్పుడు డిజైన్లు వాట్సాప్‌లో వస్తున్నాయి. అదే ఫోనుతో, చీర అప్పగించే ముందు కాటా మీది అంకెను, పరచిన చీరను ఫోటో తీసి షావుకారుకు పంపితే తేదీతో సహా ఒక ఆధారం తయారవుతుంది. ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా స్వీకరించే నియమాలు కూడా ఉన్నాయి. దీనికి కొత్త చట్టమేదీ అక్కరలేదు, ఖర్చూ లేదు. అయితే రేపటి పడుగు అదే షావుకారు ఇవ్వవలసి ఉండగా, అడ్వాన్సు బాకీ ఇంకా తీరకుండా ఉండగా, ఈ చీర తూకమిది అని మొదటి ఫోటో పంపే నేతగాడు ఎవరు? ఒక వీధిలోని మగ్గాలవారందరూ ఒకే రోజు మొదలుపెడితే అది అనుమానంగా కాక అలవాటుగా కనిపించవచ్చు. సేనాపతుల కాలంలో ఉత్తర సర్కారుల నేతవారు మగ్గాలు ఆపింది కూడా విడివిడిగా కాదు, మూకుమ్మడిగానే.